శివరాత్రి తెచ్చినవాడు

ఆ ఉదయం ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. తెల్లారేసరికి మబ్బు కమ్మింది, నాలుగు చినుకులు రాల్చబోయి మానేసింది. పొద్దెక్కాక ఎండా కాదు, నీడా కాదు. మసిపట్టిన చిమ్నీలో దీపంలా సూర్యుడు ఎక్కడో లోపల ఉన్నాడు. చైత్రంలో ఇలాంటి పొద్దు మామిడి పిందెకు చేటు. సదాశివ తల పైకెత్తి ఒకసారి చూసి, ఆబిడ్స్‌లో బట్టల దుకాణం మీద ఉన్న తన గదికి మెట్లెక్కాడు.

సగం మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన చీపురు. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు ఇంకా పైకి దోపే ఉన్నాయి.

"అమీన్ సాబ్ మీరేనా?"

సదాశివ పోలీసు అమీన్ నౌకరీ వదిలి పదేళ్ళు దాటింది. రాష్ట్రాలు కలిసిన కొత్తలో, వచ్చినవాళ్ళు పైన, ఉన్నవాళ్ళు కింద అయినప్పుడు, ఒక్క మాటా అనకుండా బెల్టు విప్పి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఇప్పుడు చిక్కుల్లో పడ్డవాళ్ళ కేసులు సొంతంగా చూసిపెడుతున్నాడు, అయినా నాంపల్లి గల్లీల్లో ఆ పిలుపు అతణ్ణి వదల్లేదు.

"చెప్పమ్మా."

"నా పేరు సమ్మక్క. నా పెనిమిటి దుర్గయ్య, నాంపల్లిల మేడ కాడ చౌకీదారు. మొన్న పట్కపోయిన్రు. మిద్దె మీదికెళ్ళి పిలగాన్ని కిందికి నూకిండంటున్రు. ఇయ్యాల మాపటికల్ల కోర్టుల పెడ్తరంట. గాడికి పోతే మల్ల రాడు సాబ్."

"నూకిండా?"

"నూకలే. గుంజిండు."

"నువ్వు చూసినవా?"

"సూడలే. కింద వాకిలి ఊడుస్తున్న. ఒర్రుడు ఇనబడ్డది. ఉర్కి పోయి చూస్తే పిలగాడు బండల మీద, ఈన మిద్దె అంచుకు. చేతుల అంగీ ముక్క. గంతే."

అబద్ధం చెప్పేవాళ్ళు చూడనిది కూడా చూశామంటారు. సదాశివ గది తాళం తియ్యకుండానే కిందికి తిరిగాడు.

పోలీసు స్టేషన్లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తాతారావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. రాజమండ్రి వైపు మనిషి. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం. సదాశివ వదిలిన బల్ల దగ్గరే, సదాశివ వదిలిన కుర్చీకి కొత్త కేను అల్లించుకుని కూర్చున్నాడు.

"రండి సదాశివగారూ. ఇంకా కేసులు దొరుకుతున్నాయన్నమాట."

"మీరు కుర్చీల ఉన్నన్ని దినాలు నాకు కరువు లేదు సాబ్."

కానిస్టేబులు నవ్వబోయి దగ్గుకింద మార్చుకున్నాడు. తాతారావు కళ్ళజోడు మీదికి ఊదాడు.

"దీన్లో మీకు గిట్టేదేమీ లేదు. కుర్రవాడి పేరు శేషాచారి. గుంటూరు జిల్లా, గుళ్ళో అర్చకుడి కొడుకు. డిగ్రీ పరీక్షకు చదువుతూ మేడమీద గదిలో ఉంటున్నాడు. మొన్న తెల్లవారుజామున పైనుంచి పడి చచ్చిపోయాడు. చేతి గడియారం లేదు. మీ దుర్గయ్య గుప్పిట్లో వాడి చొక్కా ముక్క ఉంది. గుంజుకున్నానని తనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?"

"గుంజుకున్న అన్నడా, గుంజిన అన్నడా?"

"రెండూ ఒకటే."

"ఒకసారి మాట్లాడనియ్యండి."

తాతారావు కాదనలేదు. గెలిచిన కేసును పదిమందికి చూపించుకోవాలని ఎవరికుండదు? లాకప్ తలుపు తెరిపించి, తనూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

దుర్గయ్య మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ మనిషి రెండు రోజుల్లో ముసలివాడయ్యాడు. సదాశివ అతని ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు.

"మొదటికెళ్ళి చెప్పు దుర్గయ్యా."

"ఏం చెప్పను సాబ్. పిలగాడు బంగారం. దుర్గన్నా అని పిలుస్తుండె. ఉగాది ముంగట పాడైండు. నిద్ర లేదు, బువ్వ లేదు. రాత్రంత దీపం. దంతాలు పటపట కొరుకుతుండె, కిందికి ఇనబడేది. ఒకనాడు నన్ను పిలిచి, దుర్గన్నా, గోడ ఎనుక మాట్లాడుతున్నరు ఎవరు అన్నడు. ఎవ్వలు లేరు బిడ్డా అన్న. నువ్వు గుడా వాళ్ళ మనిషివే అన్నడు. ఏడ్పొచ్చింది సాబ్ నాకు."

"ఎట్ల పాడైండు?"

"శివరాత్రి తెచ్చిన్రు గదా. గప్పటి సంది."

తాతారావు గట్టిగానే నవ్వాడు. "విన్నారా? శివరాత్రి తెచ్చారట! చేశారనాలయ్యా, చేశారు. ఉపవాసం, జాగారం. శివరాత్రి పోయి నెల దాటిందంటారేమో, నెలనెలా మాసశివరాత్రి ఉంది. పరీక్షల భయంతో కుర్రాడికి భక్తి ముదిరింది. గదిలో దేవుడి పటం ముందు విభూది పొట్లం నేనే కళ్ళారా చూశాను. తిండీ నిద్రా లేక తూలుతున్నవాణ్ణి తొయ్యడానికి పెద్ద బలం అక్కర్లేదు. వీళ్ళ తెలుగుతో చస్తున్నాం, ఆ వాక్యం నేనే సరిచేసి రాయించాను."

"తెచ్చిన్రనే అన్న సార్," దుర్గయ్య నేలను చూస్తూ గొణిగాడు.

సదాశివ అటు తిరగలేదు. "ఎవలు తెచ్చిన్రు?"

"సైకిల్ పిలగాడు. శనివారం శనివారం వస్తడు. మీదికి పోతడు, జర సేపటికి దిగి పోతడు. వాడు రాని నాడు శేషన్న మెట్ల కాడికొచ్చి, దుర్గన్నా, శివరాత్రి వచ్చిందా అని అడుగుతుండె. పండుగ ఎప్పుడని అడుగుతుండేమో అనుకొని, అయిపాయె బిడ్డా, మల్ల ఏడాదికే అన్న. నవ్విండు. గదే ఆఖరు నవ్వుడు."

"ఆ పిలగాన్ని గుర్తు పడ్తవా?"

"మొహం చూస్తే పడ్త. మంచి సైకిల్ సాబ్ వానిది, కొత్తది. సీటుకు ఖాకీ తొడుగు. ఎవరిదో పాత పాంటు కత్తిరించి కుట్టిన్రు. గుండీ గుడా గట్లనే ఉన్నది, అంచుకు."

కళ్ళజోడు తుడుస్తున్న తాతారావు చెయ్యి ఆగింది. గుడ్డ అద్దం మీదే ఉంది, కదలడం లేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక చెవికే తగిలింది.

"చాలు. టైమైంది. బయటికి రండి."

"ఇంక ఒక్క మాట..."

"చాలన్నాను కదా!"

వరండాలోకి వచ్చాక సదాశివ అడిగాడు. "ఆ అంగీ ముక్క చూపియ్యండి."

తాతారావు బీరువాలోంచి తీయించి బల్లమీదికి విసిరాడు. కాలరు, దాని కింద జానెడు వీపు గుడ్డ. కుట్లు తెగలేదు, గుడ్డే చిరిగింది.

"మీ దిక్కు గుంజుకునుడంటే లాక్కునుడు. మా దిక్కు గుంజుడంటే ఎనుకకు లాగుడు. నూకినోని చేతిల గుడ్డ మిగలది సాబ్. పడేటోన్ని వెనకకెళ్ళి పట్టుకున్నోని చేతిల మిగుల్తది. మీరు దొంగను కాదు, అడ్డం పడ్డోన్ని పట్టుకొచ్చిన్రు."

మరో రోజయితే తాతారావు దానికి మాటకు మాట చెప్పేవాడు. ఇవాళ తలుపు వైపు చూస్తూ, "కోర్టులో చెప్పుకోండి," అన్నాడు. గొంతులో పస లేదు. మాట పడ్డ చిన్నతనమేమోలే అనుకుని సదాశివ దిగిపోయాడు.

మేడ స్టేషనుకు దగ్గరే. సమ్మక్క ముందు నడిచి మిద్దె గది తలుపు తీసింది. లోపలికి అడుగు పెట్టగానే పులిసిన అన్నం వాసన. మూలన మెస్సు క్యారియరు, మూత కూడా తియ్యలేదు. చీమలు దాని మీదుగా వరస కట్టి గోడెక్కాయి.

సదాశివ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పొలంలోకి పశువు పడితే ఎటునించి వచ్చింది, ఎక్కడ తొక్కింది అని ముందు గట్టు మీదనుంచి చూస్తాడు రైతు. అతని చూపు అలాంటిది.

కిటికీ రెక్కల సందుల్లో కాగితాలు కూరి ఉన్నాయి. లోపలినుంచే. తాళం కన్నంలో దూది. గోడకు ఒకచోట చెవి ఆనించి ఆనించి సున్నం నూనె మరక పట్టింది. పుస్తకం తెరిచి ఉంది, మొదట ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర గీతలు, తర్వాత అన్ని వాక్యాల కిందా గీతలు, చివరి పేజీల్లో గీతలు కాగితాన్ని కోసేశాయి.

"ఇవన్ని పోలీసోళ్ళు చూడలేదా?"

"చూసిన్రు సాబ్. చలిగాలికని కూరిండన్నరు."

"చైత్రంలనా?"

సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

మంచం కిందికి వంగితే ఒక చెక్క పలక, దానిమీద తుండుగుడ్డ. గుడ్డ తీశాడు. అలారం గడియారం. గడియారం కాదు, దాని ముక్కలు. పళ్ళ చక్రాలు పెద్దదానినుంచి చిన్నదానిదాకా వరసగా, మరలన్నీ ఇంకో వరస, నారుమడిలో నాటినట్టు సమానంగా. ఆఖరి వరసలో సన్నని చక్రాలు, రెండు చిన్న ముళ్ళు, పక్కనే తోలు పట్టీ. దొంగ ఎత్తుకుపోయాడన్న చేతి గడియారం అక్కడుంది, బియ్యపు గింజల్లా విడివిడిగా.

"ఇది ఎవల పని సాబ్?" అంది సమ్మక్క.

"వానిదే. నిద్ర రాని చేతులు ఊకుండవు."

దొంగతనం పోయింది. తొయ్యడం పోయింది. మిగిలింది శివరాత్రి.

గోడకు దేవుడి పటం. శేషతల్పం మీద రంగనాథుడు. కింద చెక్కపీట మీద నామం పెట్టె, అందులో తెల్లమట్టి, ఎర్ర తిరుచూర్ణం. వాటి పక్కన అరచేతిలో పట్టే విభూది పొట్లం.

సదాశివ దాన్ని చాలాసేపు చూశాడు. తాతారావు కూడా దీన్ని కళ్ళారా చూశానన్నాడు. నిజమే, కళ్ళే చూశాయి. వైష్ణవ అర్చకుడి ఇంట్లో పుట్టినవాడు, నిలువు నామం తప్ప నుదుటికి ఇంకోటి ఎరగనివాడు, రంగనాథుడి ముందు విభూది ఎందుకు పెట్టుకుంటాడు? ఆ కుర్రాడికి శివరాత్రి ఉపవాసమే లేదు, ఇంక మాసశివరాత్రి ఎక్కడిది?

పొట్లం విప్పి బూడిదలో వేలు పెట్టాడు. గుండ్రంగా, గట్టిగా తగిలాయి. తెల్లని బిళ్ళలు. ఊదితే మెరిశాయి.

"గోలీలా?" సమ్మక్క దగ్గరకు వచ్చింది. "తలనొప్పియా సాబ్?"

"బువ్వ వద్దనిపిస్తది, నిద్ర వద్దనిపిస్తది. ఉపాసం, జాగారం రెండు ఈ గోలీలల్లనే ఉన్నయి. అందుకే పోరగాండ్లు శివరాత్రి అని పేరు పెట్టుకున్నరు. నీ పెనిమిటి సరిగనే చెప్పిండమ్మా. తెచ్చిన్రు."

ఆమె ఆ బిళ్ళల్ని తేలును చూసినట్టు చూసింది. "గింత దానికా? గా తల్లి అక్కడ ఇంక కొడుకు చదువుతుండనుకుంటది..."

ఆబిడ్స్‌లో ఇంద్రసేన మందుల దుకాణం సదాశివ గదికి నాలుగు దుకాణాల అవతల. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. సదాశివ పొట్లం గల్లా మీద విప్పగానే ఇంద్రసేన లేచి, బయట ఎవరన్నా ఉన్నారా అని తొంగి చూశాడు.

"ఏంది గిది?" అన్నాడు ఇంద్రసేన, తెలియనట్టు.

"నన్నడుగుతవేందిరా? మీ దగ్గర దొరికేదే."

"నా ఒక్కని దగ్గరనేనా? మెథాంఫెటమిన్ అంటరు. ఒళ్ళు తగ్గనికి డాక్టర్లు రాస్తరు, గంతవరకే దాని పని. ఇంక చూస్తే బేగం బజార్ లారీ డ్రైవర్లు, ప్రెస్సుల కంపోజు చేసేటోళ్ళు, పరీక్షల పిల్లలు. నిద్ర ఆగాలె అందరికి." ఇంద్రసేన గొంతు తగ్గించాడు. "మొదట మంచిగనే ఉంటది సదాశివా. నెల చదువు రాత్రికి చదివినట్టుంటది. ఒకటి పని చెయ్యదు, రెండు కావాలె. రెండు పని చెయ్యవు. ఇంక గోడలు మాట్లాడుతయి, ఒంటి మీద చీమలు పాకుతయి, ఎవడో తరుముతుంటడు. మానితే లేవలేడు, తింటే బతకలేడు. నా దుకాణం ముంగటనే ఒక డ్రైవరు తన లారీకి తనే భయపడి ఉరికిండు."

"చూసి గుడా అమ్ముతున్నవా?"

"చీటీ లేకుంట ఇయ్యను."

"ఇంద్రా."

"ఇయ్యనంటే... చీటీ అడగనోళ్ళు గుడా ఉంటరు గదా." అతను గల్లా మీది బూడిదను తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. "కొన్ని ఇండ్లకెళ్ళి పిల్లలొచ్చి, నాయన పేరు చెప్పి అడిగితే కాదని బతుకుతమా ఈ బజార్ల?"

"ఏ ఇండ్లకెళ్ళి?"

బయట పోలీసు జీపు ఆగింది. ఇంద్రసేన చూసి, చేతిలోని గుడ్డ అక్కడే వదిలి, మందుల బీరువా వెనక్కి వెళ్ళిపోయాడు. అది సదాశివకు చాలింది. అయినా ఆ జవాబు నిజం కాకూడదనే అతని ప్రాణం కోరుకుంది.

జీపులో ముందు తాతారావు. వెనక కానిస్టేబులు, బేడీలతో దుర్గయ్య.

"ఎక్కండి సదాశివగారూ. భోజనం వేళయింది."

"కోర్టు?"

"కోర్టు కూడా భోంచేస్తుంది. ఎక్కండి."

సదాశివ పొట్లం చూపించాడు. "ఇదీ శివరాత్రి. గడియారం గుడా దొరికింది. మంచం కింద, ముక్కలు ముక్కలు, వరస పెట్టి."

తాతారావు పొట్లం వైపు చూడలేదు. 'వరస పెట్టి' అన్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. డ్రైవరుతో, "ఇంటికి పోనీ," అన్నాడు.

నాంపల్లి చివర పోలీసు క్వార్టర్లు. మెట్ల దగ్గర కొత్త సైకిలు నిలబెట్టి ఉంది. సీటుకు ఖాకీ తొడుగు. నీటుగా కుట్టారు, అంచున ఇత్తడి గుండీ, తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. వెనక దుర్గయ్య బేడీల గొలుసు ఒక్కసారి గలగలమని ఆగిపోయింది. అతను సైకిలును చూశాడు, తాతారావును చూశాడు, తల దించుకున్నాడు. చూసిన సంగతి దాచుకోవడం పేదవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"అదేనా?" అన్నాడు తాతారావు, వెనక్కి తిరగకుండా.

దుర్గయ్య తన చేతుల బేడీలు చూసుకున్నాడు.

"భయపడకు. అడిగేది నేను. అదేనా?"

"ఔ సార్."

సదాశివ చెయ్యాలనుకున్న తగాదా మానుకుని పొట్లం జేబులో పెట్టుకున్నాడు. ఉదయం కళ్ళజోడు ఒక చెవికే తగిలినప్పటినుంచీ ఈ మనిషికి తెలుసు. తెలిసీ కోర్టు వేళదాకా ఊరుకుంటే సరిపోయేది. దుర్గయ్య అక్కడికి పోతే మళ్ళీ రాడు, సైకిలు మెట్ల దగ్గరే ఉండేది.

"వస్తున్నారని కబురైనా చెయ్యలేదేమండీ!" కమలకుమారి తలుపు తీసింది. తాతారావు భార్య. కొత్త జాకెట్టు చేతుల దగ్గర వదులైపోయింది. మాట వెనక మాట తోసుకొస్తోంది. "పర్వాలేదు, వంట అయిపోయింది, ఇల్లంతా కడిగాను, పొద్దున మూడింటికే లేచాను, ఈ మధ్య అలసటే తెలీడం లేదు. రండి అన్నయ్యగారూ, కూర్చోండి. అదిగో చూడండి మావాడి పని! మంచి రేడియో, రాత్రికి రాత్రి ఊడదీశాడు. ఇంజనీరు బుర్రండీ, ప్రభాకరానిది."

బల్లమీద రేడియో గుల్ల. దాని ముందు మరలు, తీగలు, చిన్న గాజు గొట్టాలు. పెద్దదానినుంచి చిన్నదానిదాకా, నారుమడిలో నాటినట్టు.

లోపలి గదిలోంచి ప్రభాకరం వచ్చాడు. పంతొమ్మిదేళ్ళుంటాయి. కంటి నల్లపాప కన్నంతా నిండింది. దవడ ఖాళీగా నములుతోంది. మోచేతుల మీద గోకిన పుళ్ళు. వచ్చినవాళ్ళను చూసి కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. దుర్గయ్య మీద చూపు పడగానే గోడకు అంటుకుపోయాడు.

"నలుగురికి పెట్టు," అన్నాడు తాతారావు.

"మీకూ, అన్నయ్యగారికీ, అబ్బాయికీ..." కమలకుమారి వేళ్ళు మడిచి, గుమ్మంలో నిలబడ్డ దుర్గయ్యను చూసి ఆగింది. "ఆ మనిషికి వరండాలో పెడతాను."

"లోపలే. వరసలో." కానిస్టేబులు వైపు తిరిగాడు. "బేడీలు తియ్. చేతులతో తినాలి."

"తిన్నాక మళ్ళీ వెయ్యనా సార్?"

"అక్కడ పెట్టి, నువ్వు బయట కూర్చో."

కానిస్టేబులు బేడీలు బల్లమీద, రేడియో ముక్కల పక్కన పెట్టి వెళ్ళాడు. ప్రభాకరం చెయ్యి తనంతట తనే ముందుకు వచ్చింది. వంకరగా పడ్డ బేడీలను జరిపి, వరసలో సరిగ్గా కలిపింది. చేసింది తెలిశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే ముగ్గురు మగవాళ్ళూ చూశారు.

పీటలు వేసింది. కంచాలు పెట్టింది. తాతారావు కూర్చుని, కొడుకు వైపు చూడకుండా, కంచంలోకి చూస్తూ అడిగాడు.

"శివరాత్రి ఎక్కణ్ణించి తెచ్చావురా?"

చేశావా అనలేదు. తెచ్చావా అన్నాడు. దుర్గయ్య తలెత్తాడు.

కుర్రవాడి కళ్ళు వంటింటి కిటికీ గూట్లోకి పోయాయి. అక్కడ కుంకుమ భరిణె పక్కన గోధుమరంగు సీసా ఉంది.

"అవా? అవి నావండీ," అంది కమలకుమారి, అన్నం గరిటె చేత పట్టుకుని. "ఒళ్ళు తగ్గడానికి డాక్టరుగారు రాసిచ్చినవి. ఎంత హాయిగా ఉందో! ఆకలే వెయ్యదు. చదువుకునేప్పుడు నిద్రొస్తోందంటే వీడికీ ఒకటి రెండు నేనే ఇచ్చాను. అయిపోతే మీ పేరు చెప్పి వాడే తెచ్చిపెడతాడు. మందే కదండీ? డాక్టరు రాసిందే కదా?"

ఆమె ఒక్కొక్కరి మొహమే చూసింది. కొడుకు మోచేతుల పుళ్ళు మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఏమైందండీ?"

"శేషాచారికి నువ్విచ్చావా?" తాతారావు కొడుకునే అడిగాడు.

"వాడే అడిగాడు," అన్నాడు ప్రభాకరం. నాలుక ఎండి మాట చిట్లింది. "ఒక్కటే ఇచ్చాను ముందు. తర్వాత వాడే... నేను తొయ్యలేదు నాన్నగారూ. నేనక్కడ లేను. నన్నూ తరుముతున్నారు. వీధిలో ఉన్నారు వాళ్ళు."

"వీధిలో మన కానిస్టేబులు తప్ప ఎవరూ లేరు."

"ఆయనా వాళ్ళ మనిషే."

దుర్గయ్య గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆ మాట అతను ఇంతకుముందు విన్నాడు. విన్న ఎన్నాళ్ళకు ఏమైందో కూడా అతనికే తెలుసు. తరుముతున్నారని ఉరికిన కుర్రాణ్ణి మిద్దె అంచున గుంజినప్పుడు చిరిగిన గుడ్డ ఇంకా చేతిలో ఉన్నట్టు గుప్పిట మూసి తెరిచాడు.

"భోంచేశాక జీపులో పోదాం," అన్నాడు తాతారావు. "దుర్గయ్య వాళ్ళింటి దగ్గర దిగుతాడు. వీణ్ణి దవాఖానలో చూపించి, తర్వాత స్టేషనుకు నేనే తీసుకెళతాను. సదాశివగారూ, విభూది పొట్లం మీరు తెచ్చి నా బల్లమీద పెట్టండి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుని రాసుకుంటారో నాకు తెలీదు. ఈసారి వాక్యాలు ఎవరూ సరిచెయ్యరు."

"పెడ్త," అన్నాడు సదాశివ.

"వడ్డించు కమలా."

ఆమె వడ్డించింది. పప్పు నేలమీద పడింది, తుడవలేదు. తను కూడా ఒక కంచం పెట్టుకుని గోడవార కూర్చుంది. అన్నం కలిపింది. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దించేసింది. ఆకలి ఉందో లేదో ఆమెకు తెలియడం లేదు. ఎన్నాళ్ళుగా తెలియడం లేదో ఇప్పుడు లెక్క చూసుకుంటున్నట్టుంది మొహం.

దుర్గయ్య తలవంచుకుని తింటున్నాడు. రెండు రోజుల ఆకలి, సిగ్గుపడుతూనే తింటోంది. సదాశివ తినలేక తింటున్నాడు. గూట్లో సీసా, బల్లమీద బేడీలు, గోడవతల కానిస్టేబులు దగ్గు.

ప్రభాకరం కంచంలో అన్నం పైన పొర ఎండుతోంది. వాడు మెతుకుల్ని వేలితో ఒక్కొక్కటే జరిపి వరస పెడుతున్నాడు.

తాతారావు చూశాడు. తన కంచంలో పప్పూ అన్నం కలిపాడు, చిన్నపిల్లవాడికి చేసినట్టు చిన్న ముద్ద చేశాడు, పక్కకు వంగి కొడుకు కంచంలో ఆ వరస మధ్యలో పెట్టాడు. ఇంకో ముద్ద చేసి దాని పక్కన పెట్టాడు.

వాడు ముట్టలేదు. తాతారావు చెయ్యి ఆపలేదు.